నడుమున కత్తియా, సంచిలో కత్తియా?

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల మరల తెఱచిన దినమునుండి మా పిల్లలు ఉపాధ్యాయులను విడువక అడుగు ప్రశ్న యొకటి కలదు. "అయ్యా, ఈ యేడు కొండకు ఎప్పుడు పోవుదుము?" నంద్యాలలో చదువుకొను పిల్లలకు ఈ కోరిక పుట్టుట వింత గాదు. మేడమీది తరగతిగది కిటికీనుండి తూర్పునకు జూచినచో నల్లమల కొండలు నీలిరంగు గోడవలె అగపడుచుండును. దినదినము కంటికి గనబడుచు కాలికి అందని కొండ పిల్లలకు ఎంతటి యాశ పెట్టునో, తమ బాల్యమును మరువని పెద్దలకు తెలియును.

ఈ యేడు నేను తొమ్మిదవ తరగతివారితో, "కొండకు పోవునప్పుడు ఏయే వస్తువులు తీసికొని పోవలయునో, ముఖ్యమైనదానిని మొదట బెట్టి, వరుసగా వ్రాసికొని రండు" అని చెప్పితిని. మరునాడు వచ్చిన కాగితములను చదివి మొదట నవ్వుకొంటిని. పిదప ఆలోచనలో బడితిని. అనేకుల పట్టీలలో మొదటి వస్తువు కత్తి. నీళ్లసీసా నాలుగవదో ఐదవదో. కట్టుగుడ్డను వ్రాసినవారు ఇద్దరే. ఆ యిద్దరును బాలికలు. ఒక చిరంజీవి "పెద్ద కత్తి" అని వ్రాసి, దానిక్రింద గీత గీసి, "నడుమునకు కట్టుకొనుటకు" అని వివరణము గూడ చేర్చెను. ఈ సంగతి ఇండ్లలో తెలియగా, రెండు దినములకు ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యా, కత్తులు పట్టుకొని పోయే చదువైతే మా పిల్లవాణ్ణి పంపలేము" అని చెప్పి పోయెను.

పిల్లవానికి కత్తి లేని కొండ కొండ కాదు. తండ్రికి కత్తియున్న కొండయే వలదు. ఈ రెండభిప్రాయములలో నేదియు సరి గాదని నా తలంపు. కత్తికి కొండదారిలో చోటు కలదు. అయితే ఆ చోటు నడుము గాదు, సంచి; అదియు సంచిలో ఒక్క నియమితమైన తావు. ఈ మాటను కొంత వివరముగా జెప్పుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన సీమవారికి కొండనడక కొత్త గాదు. శివరాత్రికి ఆత్మకూరు, వెంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగా శ్రీశైలమునకు కాలినడకన బోవువారు నేటికిని వేలకొలది గలరు. ఉగాదికి కన్నడదేశమునుండి వచ్చువారును ఆ దారినే నడతురు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, అహోబిలమును శ్రీశైలమును చూచుకొని పోయిరి. ఆయన పల్లకితో, పరివారముతో బోయినవారే గాని, ఏ మజిలీలో ఏ వస్తువు దొరకునో, ఎచ్చట దొరకదో, తన వెనుక రాబోవు బాటసారులకు ఉపకరించునట్లు వ్రాసి యుంచిరి. కనుక "ఏమి మోయవలెను? ఎట్లు మోయవలెను?" అను ప్రశ్న మనకు తెల్లవారు తెచ్చిపెట్టిన వేడుక గాదు. ఈ మట్టిమీద నడచినవారందరును అడుగుకొన్న ప్రశ్నయే.

ఆ ప్రశ్నకు నేను సరియైన జవాబు నేర్చుకొన్నది పుస్తకమువలన గాదు, నా తప్పువలన. కొన్ని యేండ్ల క్రిందట మేము ఇరువదిమంది బాలురతో ఆళ్లగడ్డకు బోయి, అక్కడినుండి సుమారు పాతిక కిలోమీటర్ల దూరముననున్న దిగువ అహోబిలమును జేరి, మరునాటి యుదయమున ఎగువ అహోబిలముపైని భవనాశి యేటివెంబడి నడక సాగించితిమి. బాలురలో అన్ని మతములవారును గలరు. కొందరికి అది క్షేత్రదర్శనము. కొందరికి కొండను, నీటిని, చెట్టును చూచు పాఠము. ఆ యేటి దారి యంతయు గుండ్లు. నీరు తక్కువగా నున్న కాలమునను నాచు పట్టిన రాళ్లు కాలిని నిలువనీయవు.

ఒక బాలుడు సంతలో కొన్న జానెడు కత్తిని పలుచని గుడ్డ ఒరలో బెట్టి, తొడమీద వ్రేలాడునట్లు నడుమునకు గట్టుకొనియుండెను. నేను చూచితిని; చూచియు ఊరకుంటిని. పిల్లవాని వేడుక పాడుచేయనేల యనుకొంటిని. నడకలో ఒక గుండుమీద అతని కాలు జారెను. కూలబడగానే కత్తిమొన ఒరను చీల్చుకొని తొడలో నాలుగు వ్రేళ్ల పొడవున దిగెను. రక్తము కాఱుచుండెను. నేను పరుగెత్తి నా సంచిని దింపితిని. ఔషధముల పెట్టె అందులోనే యున్నది. అయితే ఎక్కడ? అన్నిటికంటె అడుగున. ముందు రాత్రి సంచి సర్దునపుడు అన్నిటికంటె ముఖ్యమని తలచి దానినే మొదట వేసితిని. మొదట వేసినది కనుకనే అది అడుగునకు బోయెను. దుప్పటి, సద్దిమూట, పుస్తకము, మార్చుబట్టలు అన్నియు రాళ్లమీద కుమ్మరించి వెదకుచుండగా, పిల్లలు చుట్టు మూగి కేకలు వేయుచుండగా, గడచిన ఆ రెండు మూడు నిమిషములను నేను నేటికిని మరువలేదు. తుదకు పెట్టె కొఱకు ఆగక నా భుజముమీది తువ్వాలునే మడచి గాయముమీద అదిమి పట్టితిని. బాలుని మోసికొని దిగి, ఆళ్లగడ్డకు దెచ్చి, కుట్లు వేయించితిమి. దైవానుగ్రహమున అతడు కోలుకొని నేడు ఉద్యోగములో నున్నాడు. తప్పు అతనిది సగము. మిగిలిన సగము నాది.

ఆ సాయంకాలమే ఇంకొక సంగతి జరిగినది. ఆళ్లగడ్డ బస్సు నిలుచు తావున మేము వేచియుండగా, మా బాలులలో మఱియొకని నడుమున అట్టిదే కత్తి యుండెను. జామపండ్లు అమ్ముకొను ఒక ముసలమ్మ దానిని జూచి, ప్రక్కననున్న మనుమని తన కొంగుచాటునకు లాగుకొని, నాతో మెల్లగా నిట్లనెను: "ఆ కత్తి లోపల పెట్టుకోమని చెప్పు నాయనా. మేము చూసినవి చాలు."

ఆ రెండు వాక్యములలో మన సీమ చరిత్ర కొంత యున్నది. ఇతర ప్రాంతములలో బాలుని నడుమునున్న కత్తి విహారపు గురుతు కావచ్చును. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతములలో ముఠాకక్షల కాలమును చూచిన తల్లులున్నారు. బిడ్డలను, భర్తలను పోగొట్టుకొన్న ఇండ్లున్నవి. అట్టి చోట వ్రేలాడు కత్తి చూచువారికి వేఱొక భాష మాటలాడును. మనము ఆ భాష మాటలాడుట లేదని చెప్పినంత మాత్రమున వారి భయము తీఱదు. ఇతరుల గాయమును తాకకుండ నడచుకొనుట నాగరికతకు మొదటి పాఠము గదా! కావున, నడుమున కత్తి కూడదనుటకు నా మొదటి కారణము దేహమునకు కలుగు అపాయము. రెండవది పొరుగువాని మనస్సునకు కలుగు బాధ.

మూడవ కారణము కోపము. గెత్సేమనే తోటలో పేతురు ప్రధానయాజకుని దాసుని చెవి నరికిన సంగతి మన బైబిలు తరగతిలో అందరును విన్నదే. పేతురు దుష్టుడు గాడు. తన ప్రభువును ప్రేమించినవాడు. అయినను కత్తి చేతికందునట్లుండుటచేత, ఆలోచనకంటె ముందు చేయి కదలినది. ప్రభువు ఆ కత్తిని ఒరలో బెట్టుమని ఆజ్ఞాపించెను. పిల్లల జగడములు క్షణికములు. నీళ్లసీసా కొఱకో, ముందు నడచుట కొఱకో పుట్టి, పది నిమిషములలో ఆరిపోవును. ఆ పది నిమిషములు కత్తి చేతికి దూరముగా నుండుట మేలు.

నాల్గవది చట్టము. నల్లమల నేడు ఒట్టి కొండ గాదు. నాగార్జునసాగరు శ్రీశైలము పులుల సంరక్షణకేంద్రము 1983లో ఏర్పడినది. గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యమును మనకు పొరుగుననే యున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, ముందుగా వ్రాతమూలమైన అనుమతి పొందక ఆయుధముతో ఎవరును అభయారణ్యములో ప్రవేశింపరాదు. ఆ చట్టములో "ఆయుధము" అను మాటకు ఇచ్చిన అర్థములో తుపాకులు, విల్లంబులు, ఉచ్చులతోపాటు కత్తులును పేర్కొనబడినవి. "ఇది జామపండు కోసికొను కత్తి" యని మనము చెప్పుకొనవచ్చును. అటవీశాఖవారు తనిఖీ చేయు తావున ఆ మాట చెల్లకపోవచ్చును. ఇది గాక, ఆయుధముల చట్టపు నిబంధనలలో తొమ్మిదంగుళములకు మించిన పొడవుగాని రెండంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగుతో, ఇంటిపనికి సేద్యమునకు చెందని కత్తులు ప్రమాదకరములైన ఆయుధములలో చేర్చబడినవి. బాలునకు "పెద్ద కత్తి"మీద గల మక్కువ ఎంతదూరము పోగలదో దీనివలన తెలియును.

ఇక నా మాటకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. "చెంచువారు గొడ్డలిని, కత్తిని ఎల్లప్పుడు వెంట నుంచుకొందురు గదా!" యని కొందరందురు. నిజమే. చెంచువారికి గొడ్డలి, విల్లు, గడ్డలు త్రవ్వుకొను కోల జీవనాధారములు. హైమన్‌డార్ఫ్ అను పండితుడు చెంచులను గూర్చి వ్రాసి 1943లో ప్రకటించిన గ్రంథమున వారి పనిముట్ల విషయము వివరముగా నున్నది. అయితే చెంచు బాలుడు నడక నేర్చిన నాటినుండి పెద్దల ప్రక్కన నిలిచి ఆ పనిముట్టును నేర్చును. మన బాలుడు దానిని నిన్న సంతలో కొనెను. ఈ భేదమును దావీదు కథ చక్కగా జూపును. సౌలు రాజు తన కవచమును, కత్తిని ఇచ్చి తొడిగింపగా, అవి తనకు అలవాటు లేనివని దావీదు వానిని విడిచివేసెను. తాను ఎఱిగిన ఒడిసెలను, వాగులోని ఐదు నున్నని రాళ్లను తన కాపరిసంచిలో వేసికొని పోయెను. పరీక్షింపని పనిముట్టును అలంకారముగా ధరింపకుండుట పిఱికితనము గాదు, వివేకము.

తాటిచెట్టెక్కు గీతగాడు కత్తులను నడుముననే ధరించునని మఱికొందరు చెప్పుదురు. ధరించును, కాని ఎట్లు ధరించునో చూడుడు. వాదర తన దేహమునకు తగులకుండ, వెనుకవైపున తిత్తిలో నిలుపుకొనును. రెండు చేతులును చెట్టునకు కావలయును గనుక అతనికి వేఱు మార్గము లేదు. క్షురకుని పొదిని చూడుడు: ప్రతి పనిముట్టునకు వేఱు అర, మంగలకత్తి మడచినదిగాని బయటికి రాదు. ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో ప్రాణము పోయు ఉలులను పొరబాటుననైన చొక్కాజేబులో వేసికొందురా? పనిముట్టుతో బ్రదుకువాడు దానిని ప్రదర్శింపడు, భద్రపఱచును. ప్రదర్శించువాడు దానితో పని లేనివాడే.

స్కౌటుల మాట గూడ చెప్పవలెను. బేడెన్ పవెల్ దొర 1907లో బ్రౌన్‌సీ ద్వీపమున మొదటి శిబిరమును నడపినది మొదలు, సిద్ధముగా నుండుట ఆ యుద్యమమునకు సూత్రమైనది. మన దేశమున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడినది. స్కౌటు చిత్రములలో నడుమున కత్తిని జూచి మన బాలురు ముచ్చటపడుదురు. అయితే నేడు ఇంగ్లండు స్కౌటు సంఘమువారే, పని లేనపుడు కత్తిని వెంట నుంచుకొనవలదనియు, ప్రయాణములో సంచి నడుమ భద్రపఱపవలెననియు చెప్పుచున్నారు. అమెరికా దేశపు స్కౌటులలో కత్తి, గొడ్డలి, రంపములను వాడు పద్ధతి నేర్చి చూపిన బాలునకు "టోటిన్ చిప్" అను చీటి నిత్తురు. తప్పు చేసినపుడు ఆ చీటి మూల యొకటి కత్తిరించు వాడుక కలదు. నాలుగు మూలలును పోయినచో హక్కును పోవును. సిద్ధముగా నుండుట యనగా కత్తి కనబడునట్లుండుట గాదని వారును గ్రహించిరి.

మఱి సంచిని ఎట్లు సర్దవలయును? మొదట బరువు. 2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన బడిసంచి విధానములో, సంచి బరువు విద్యార్థి దేహపు బరువులో పదవవంతు మించరాదని యున్నది. కొండదారికిని మా పిల్లల విషయమున నేను ఈ కొలతనే పాటింతును. నలువది కిలోల బాలుడు నాలుగు కిలోలు మోయవచ్చును. లీటరు నీరు కిలో బరువు గనుక, రెండు లీటర్ల నీటికి రెండు కిలోలు పోవును. సద్దికి అరకిలో, తువ్వాలు, మార్చుబట్టలకు అరకిలో, సంచికే అరకిలో. మిగిలినది అరకిలో. ఆ యరకిలోలో "పెద్ద కత్తి"కి చోటెక్కడిది? లెక్క తెలిసిన బాలునకు ఈ కూడికయే సగము ఉపదేశము.

తరువాత వరుస. సాయంకాలమువరకు అక్కఱలేని మెత్తని బట్టలు అడుగున నుండవలెను. నీరు, సద్ది మొదలైన బరువులు వీపునకు ఆనుకొని, భుజములకు కొంచెము దిగువగా నుండవలెను. బరువు వీపునకు ఎంత దూరమైన అంతగా మనిషిని వెనుకకు లాగును. అతడు ముందునకు వంగి నడచి త్వరలో అలసిపోవును. తల్లులు నీటికుండను నెత్తిమీద నిటారుగా నిలిపి నడచుటలోను, కావడి మోయువాడు రెండు ప్రక్కల తూకము సరిచూచుకొనుటలోను ఉన్న సూత్రమిదియే. భౌతికశాస్త్రపు తరగతిలో గురుత్వకేంద్రమని చెప్పునదియు నిదియే. తేలికవస్తువులు బయటివైపునకు. చెంబులు, త్రాళ్లు, చెప్పులు సంచి వెలుపల వ్రేలాడరాదు. అవి ముండ్లకొమ్మలకు తగులుకొని, గుండ్లమీద అడుగు వేయునపుడు ఊగి తూకము తప్పించును. త్రాగునీటి సీసా ప్రక్క అరలో; ఔషధముల పెట్టె అన్నిటికంటె పైన, మూత తీయగానే చేతికి తగులునట్లు. చీకటిలో సంచి తెఱచినను అది ఎక్కడున్నదో మా పిల్లలందరు చెప్పగలుగవలెను.

ఇందులో కత్తి చోటెక్కడ? మూడు నాలుగంగుళముల అలుగు గల మడత చాకు చాలును. మడత కానిదైనచో గట్టి తోలు ఒర యుండవలెను. గుడ్డ ఒర ఒర కాదని ఆ బాలుని తొడ నాకు నేర్పినది. ఒరలో నుంచి, ఒరను మందపు గుడ్డలో జుట్టి, బట్టల మడతల నడుమ, వీపునకు దూరముగా, అడ్డముగా పరుండబెట్టవలెను. జారినవాడు వెల్లకిల పడినను మొన వీపువైపు రాదు. ప్రక్క అరలలో గాని, చొక్కాజేబులో గాని ఉంచరాదు. ఎనమండుగురకు ఒక్క కత్తి. అదియు ఉపాధ్యాయుని సంచిలో, లేక నేర్చి పరీక్ష నిచ్చిన నాయకుని సంచిలో. బయలుదేరునపుడును, పనియైన వెంటనే, మరలివచ్చునపుడును లెక్క చూచుకొనవలెను.

"అంత లోపల దాచినచో తొందరలో ఎట్లు తీయుదుము?" అని ఒక బాలుడు నన్నడిగెను. ఈ వ్యాసమునకు ప్రాణమైన మాట అదియే గనుక నా జవాబును ఇచ్చట వ్రాయుచున్నాను. తొందరలో కావలసినది కట్టుగుడ్డ. తొందరలో కావలసిన కత్తి మన నడకలో లేదు. పండు కోయుటకు తొందర లేదు. త్రాడు తెంపుటకు తొందర లేదు. కట్టుగుడ్డను కత్తిరించుటకు ఔషధముల పెట్టెలోనే మొద్దుమొనల కత్తెర యుండును. అడవిమృగము ఎదురైనచో బాలుని చేతి కత్తి అతనిని కాపాడదు. గుంపుగా నుండుట, నెమ్మదిగా వెనుకకు దగ్గుట, వెలుతురుండగానే మరలివచ్చుట కాపాడును.

పాముకాటు మాట ప్రత్యేకముగా జెప్పవలసియున్నది. కాటుమీద కత్తితో గాటు పెట్టి రక్తము తీయవలెనని నమ్మి కత్తి పట్టుకొని పోవువారు మన పల్లెలలో ఇంకను గలరు. ఇది పెద్ద పొరబాటు. గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. కఱచిన కాలినో చేతినో కదలనీయక, రోగిని నడిపింపక, ధైర్యము చెప్పుచు, 108కి కబురు పంపి, విషమునకు విరుగుడు మందు దొరకు ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ ప్రాణమును కాపాడునది ఆ మందే. ఈ పనిలో కత్తికి ఏ మాత్రమును పాత్ర లేదు. కాబట్టి కత్తికై చేయు వెదకులాట మాని, చేతిఫోనులో ఛార్జి యున్నదా, ఎచ్చట సంకేతము అందును, ఎచ్చట అందదు అని ముందుగా చూచుకొనుడు.

ఇపుడు తలిదండ్రులకు ఒక మనవి. "అసలు కత్తియే వలదు" అను మీ మాటలోని ప్రేమను నేనెఱుగుదును. కాని పదునైన వస్తువు లేని లోకమును బిడ్డలకు మన మీయలేము. ఇంట కత్తిపీట యున్నది. పొలమున కొడవలి యున్నది. రేపు వారు వైద్యులైనను, శిల్పులైనను, వంటవారైనను వాదరతోనే పని. ఇంటిలో మన పెద్దలు కత్తిని ఒకరి చేతినుండి ఒకరి చేతికీయక, క్రింద నుంచి తీసికొనుమందురు. చేతికిచ్చినచో కలహము వచ్చునందురు. కలహము మాట యెట్లున్నను వ్రేళ్లు తెగవు. నిషేధముకంటె ఇట్టి మర్యాద మేలు. దాచిపెట్టినదానిని పిల్లలు దొంగతనముగా పట్టుకొందురు. నేర్పినదానిని ఎదుటనే సరిగా పట్టుకొందురు. సంతలో కత్తి కొన్న ఆ బాలునకు మేము ముందుగా నేర్పియున్నచో, అతడు గుడ్డ ఒరను నమ్మియుండడు.

అట్లని భారమంతయు బిడ్డమీద వేయుమని నేననుట లేదు. అబ్రాహాము మోరీయా దేశపు కొండ నెక్కునపుడు కట్టెలను ఇస్సాకుమీద మోపెను. నిప్పును, కత్తిని మాత్రము తన చేతనే పట్టుకొనెను. ఆ కథయొక్క గంభీరమైన భావము వేఱు. దానిని ఈ చిన్న సంగతికి దింపుట నా ఉద్దేశము గాదు. అయినను ఆ వాక్యమును చదివినపుడెల్ల, మోయదగిన బరువును బిడ్డకిచ్చి, అపాయకరమైన రెండింటిని తనయొద్ద నుంచుకొన్న తండ్రి నా కన్నులకు గట్టును. ఉపాధ్యాయులమైన మాకును అదియే మార్గము.

కనుక మా పాఠశాలలో ఈ పద్ధతిని నిలుపవలెనని పెద్దలకు విన్నవించుచున్నాను. నడకకు పదిదినముల ముందు సంచి సర్దుట ఒక పాఠముగా జెప్పవలెను. ప్రతి బాలుడు, ప్రతి బాలిక తన సంచిని విప్పి మరల సర్ది చూపవలెను. కత్తిని తెఱచుట, మూయుట, పిడివైపున అందించుట, దేహమునకు ఎదురుగా గాక వెలుపలికి కోయుట నేర్చినవారికే చీటి నీయవలెను, తప్పినచో తీసివేయవలెను. వెంట తీసికొనిపోవు పనిముట్ల పట్టీని జతపఱచి అటవీశాఖవారి అనుమతికై ముందుగా వ్రాయవలెను. వారు కత్తి వలదన్నచో దానిని నంద్యాలలోనే విడిచి, పండ్లను ఇంటనే కోసికొని పోవలెను. అందువలన నడకకు లోటేమియు రాదు.

ఆ తొమ్మిదవ తరగతివారికి వారి కాగితములను మరల నిచ్చి, "మరల వ్రాయుడు" అని చెప్పితిని. రెండవమారు వ్రాసిన పట్టీలలో నీరు మొదటికి వచ్చినది. కట్టుగుడ్డ అందరి పట్టీలలోను చేరినది. "పెద్ద కత్తి" వ్రాసిన చిరంజీవి దానిని కొట్టివేసి, "చిన్న చాకు, అయ్యవారి సంచిలో" అని వ్రాసెను. దానిక్రింద ఈ మాఱు గీత గీయలేదు. మాటలాడి పోయిన ఆ తండ్రికి ఈ కాగితమునే చూపవలెనని దాచియుంచితిని. ఆయన కుమారుడును మాతో కొండకు వచ్చునని నా నమ్మకము.